వాసన లేని శుభ్రం

ఏసీ జాలీ విప్పితే
రెండు దోసిళ్ల దుమ్ము.
మొన్నటి గాలిదుమారంది కొంత,
మాకంటే ముందు ఈ అర్రల పన్నోళ్లది కొంత.
షార్జా, రోలా, మూడో అంతస్తు, ఆరుగురం.
ఉగాదికి ఇంకా నాలుగు రోజులు.

నా కొలువే కడుగుడు.
అద్దాల బిల్డింగుల పన్నెండు గంటలు
నీలం డబ్బా, పచ్చ డబ్బా,
పుర్రె బొమ్మున్న తెల్ల డబ్బా.
"వాసన రావాలె. రాకుంటే
కడిగినట్టు సాబుకెట్ల తెలుస్తది?"
సూపర్‌వైజర్ మొదటి రోజు చెప్పిన పాఠం.
అదే నమ్మి నిరుడు
ఓ తెల్ల డబ్బా సంచిల దాసుకొచ్చిన.
లస్మన్న దాన్ని యాసిడ్‌ల కలిపి బాత్రూంల పోసిండు.
కండ్లు మండి, గొంతు పట్టి
నడిరాత్రి బనీన్ల మీద
మెట్ల మీద కూసున్నం ఆరుగురం.

పోశెట్టి దగ్గు ఆ రాత్రే మొదలైంది.
అంతకుముందే ఉందో ఏమో,
సిమెంటు మోసినోని దగ్గుకు
పుట్టిన తేదీ ఎవరు రాసి పెట్టిండ్రు?
దవాఖానకు పోతే నూటిరవై దిర్హాములు, ఒక పీల్చే మందు.
డాక్టరమ్మ అడిగిందట, ఇంట్ల ఏం వాడుతరని.
"ఇల్లా?" అన్నడట వీడు.

ఈ ఆయితారం మా ఖర్చు ఇది:
సిర్కా సీసా నాలుగు దిర్హాములు,
తినే సోడా రెండున్నర,
ఉప్పు ఉన్నదే.
జ్యూస్ దుకాణం బషీరు
పిండిన నిమ్మతొక్కల సంచి పారెయ్యక ఇచ్చిండు,
చారు కాస్తరా అని నవ్వుకుంట.
చిరిగిన లుంగీ నాలుగు పేలికలైంది.
కుంకుడుకాయలు ఎర్రన్న పెండ్లాం పంపినయి, తల రుద్దుకొమ్మని.
ఎర్రన్నకు తల మీద వెంట్రుక లేదు.

సోడా తడిపి పొయ్యి గోడకు మెత్తితే
ఏండ్ల నూనె పొక్కులు పొక్కులుగ లేచింది.
నల్లా మూతికి పట్టిన తెల్లటి పెచ్చుకు
సిర్కా గుడ్డ చుట్టి గంట ఆగినం.
ఆగుడే కష్టమైంది నాకు.
కంపెనీల ఏదీ ఆగదు.

డాబా తాళం ఇయ్యనన్నడు నాతూరు.
నీ పరుపు సుత మోస్తమంటే ఇచ్చిండు.
ఏడు పరుపులు ఎండల పండుకున్నయి
మేం ఎన్నడూ పండుకోనంత సేపు.
నల్లులు ఎటు పోవాల్నో తెల్వక
కుట్టు వెంబడి ఉరికినయి.
ఈ దేశంల పైస అడుగనిది ఎండొక్కటే.
ఇన్నేండ్లు అది మమ్మల్ని కాల్చనీకే ఉన్నదనుకున్న.

కిటికీకి ఎవరో అంటించిన వెండి కాయితం పీకి
పాత పేపరు సిర్కాల ముంచి రుద్దితే
అవతలి గోడ కనబడ్డది.
ఉత్త గోడే.
అయినా తెరిస్తే గాలొచ్చింది,
ఎవరింట్లనో మరుగుతున్న చేపల పులుసును ఎంటబెట్టుకొని.

పోశెట్టి మంచం పక్క గోడ నేను రుద్దబోతే
చెయ్యి అడ్డం పెట్టిండు.
పెన్సిల్ లెక్క.
లక్షా ఎనభై వేలు, కొట్టేసి లక్షా అరవై రెండు,
కొట్టేసి, కొట్టేసి,
ఆఖర్న ముప్పై ఒక్కటి.
"అదొక్కటి ఉండనియ్యి. నేనే తుడుస్త,
తుడిసే రోజొస్తే."
ఆ జానెడు జాగ ఇడిసిపెట్టి
వాకిట్ల ముగ్గు చెడకుంట చిమ్మినట్టు
చుట్టూ కడుక్కుంట వచ్చిన.

పొద్దుగూకింది.
పరుపులల్ల ఎండ ఇంకా చల్లారలేదు.
తొక్కల తడి ఆరినంక
అర్రల ఏ వాసనా లేదు.
నాకే అనుమానం, అసలు కడిగినమా?
తలుపు కాడ నిలబడి
రెండు సార్లు ముక్కెగబీల్చిన.

రాత్రి పోశెట్టి దగ్గు లెక్కవెడుదామని
మేలుకొనే ఉన్న.
మొన్న నలభై దాక లెక్కవెట్టి యాష్టకొచ్చి ఆపిన.
నిన్న పదకొండో దగ్గు దాక యాదికున్నది.
అటెన్క నాకే నిద్రొచ్చింది.

తెల్లారి నాలుగున్నరకు అడిగిండు, ఎన్నని.
"పదకొండు," అన్న.
"తక్కువే," అన్నడు
బూటు తాడు కట్టుకుంట.
కింద కంపెనీ బస్సు హారన్ కొట్టింది.